మైనర్ నవనీత

11 జూన్ 1997, బుధవారం

కోర్టు నుంచి ఇంకో కాగితం వచ్చింది. మార్చిలో నా భర్త లింబాద్రి మీద నెల ఖర్చుల కోసం మెయింటెనెన్స్ కేసు వేసింది నేను. ఇది అతను నా మీద వేసిన కేసు. నవనీతను తన కస్టడీకి ఇమ్మంటున్నాడు.

రెండేళ్ల కింద మమ్మల్ని నిజామాబాద్‌లో వదిలి బోధన్ పోయాడు. అక్కడ శంకరమ్మ అనే ఆమెతో ఉంటున్నాడు. చెరకు లారీ నడుపుతాడు. ఈ రెండేళ్లలో పండగకు కూడా కూతురిని చూడరాలేదు. ఇప్పుడెందుకు కావాల్సి వచ్చింది? కోపం రావాలి. భయం వచ్చింది, దాని వెనకాలే ఈ ప్రశ్న వచ్చింది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టేదాన్ని, సాయంత్రానికి ఎనిమిది వందలే అయ్యాయి.

13 జూన్

వకీలు గారి గుమాస్తా అయ్యూబ్ భాయ్ ఆ ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చెప్పాడు. నా కేసులో నేను పిటిషనర్. ఈ కేసులో రెస్పాండెంట్. నవనీత మాత్రం రెండింట్లోనూ మైనరే.

తల్లి పిల్లను బడి మాన్పించి బీడీలకు కూర్చోబెడుతోందని రాశారు. వేళకు అన్నం పెట్టదట. పొగాకు దుమ్ముకు పిల్ల దగ్గుతుందట. దగ్గు నిజం. మిగతాదంతా అబద్ధం. రెండూ ఒకే టైపు మిషన్ మీద కొట్టారు, చూస్తే తేడా తెలియదు.

"ఇది మామూలే బెహన్, పిల్ల ఆయన కాడికి పోతే ఖర్చు ఇచ్చేది ఉండదు కద," అన్నాడు అయ్యూబ్ భాయ్. అంతేనా? నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు.

14 జూన్

తంబాకు చాటను బయట అరుగు మీదికి మార్చాను. కోర్టు కోసం కాదు.

21 జూలై, సోమవారం

పిల్లను కోర్టుకు తీసుకురమ్మంటే తీసుకుపోయాను. జడ్జి గారు నవనీతను ఒక్కదాన్నే చాంబర్‌లోకి పిలిచారు. పావుగంట. తలుపు మీద పెయింటు ఎక్కడెక్కడ లేచిందో నాకిప్పుడు కంఠస్థం.

బయటికొచ్చాక ఏం అడిగారంటే, పన్నెండో ఎక్కం అడిగిండు, చెప్పిన అంది. ఇంకేం అడిగారంటే, "అది మా ఇద్దరి ముచ్చట," అంది. తొమ్మిదేళ్లు దీనికి. రిక్షాలో ఇంటిదాకా బతిమాలాను. చెప్పలేదు.

శంకరమ్మను మొదటిసారి చూశాను. నాకంటే పెద్దది, నలభై ఉండొచ్చు. నేను ఊహించుకున్న మనిషి ఈమె కాదు. వరండాలో కూర్చున్నంతసేపూ నవనీతనే చూసింది. నన్ను చూడలేదు.

4 ఆగస్టు

వాయిదా. లింబాద్రి తన వకీలుతో మాట్లాడుతుంటే శంకరమ్మ లేచి వచ్చి నా బెంచీ మీద ఆ చివర కూర్చుంది. పిల్ల వచ్చిందా అని అడిగింది. బడికి పోయిందన్నాను. "బడా?" అంది. అవునన్నాను.

తనే చెప్పింది. "బడి మాన్పిచ్చిందన్నడు. బీడీల కాడ పిల్ల పాడైతుందన్నడు. నాకు పిల్లలు లేరు. నేనే అన్న, తెచ్చుకుందమని."

వకీలు తెమ్మన్న ప్రోగ్రెస్ కార్డు నా సంచిలో ఉంది. తీసి చేతికిచ్చాను. చదువు రాదంది. వేలు పెట్టి ఇది లెక్కలు, ఇది తెలుగు అని చూపించాను. బడికి ఎన్ని రోజులు పోయిందో ఎక్కడుందని అడిగింది. చూపించాను. రెండు వందల పద్దెనిమిది రోజులకు రెండు వందల ఆరు. ఆ పన్నెండు రోజులు ఏమైందంది. జ్వరం అన్నాను. ఇప్పుడు తగ్గిందా అని అడిగింది. అది పోయిన కార్తీకంలో జ్వరం.

5 ఆగస్టు

ఆమె కార్డును తలకిందులుగా పట్టుకోలేదు. అంకెలు వచ్చినట్టున్నాయి.

25 ఆగస్టు

లింబాద్రి తరఫు సాక్షి శంకరమ్మే. పిల్లను బాగా చూసుకుంటావా అని వాళ్ల వకీలు అడిగాడు. చూసుకుంటానంది.

తర్వాత మా వకీలు లేచి, తల్లి ఈ పిల్లను బడి మాన్పించిందా అని అడిగాడు. శంకరమ్మ లింబాద్రి దిక్కు ఒకసారి చూసింది.

"లేదు సారు. కార్డు చూసిన. పిల్ల మంచిగ చదువుతున్నది. ఈయన నాతోని అబద్ధం చెప్పిండు."

వాళ్ల వకీలు ఆపబోయాడు. ఆమె ఆగలేదు. "పిల్ల తల్లి కాడనే ఉండాలె. నాకు అప్పుడప్పుడు చూపిస్తే సాలు."

లింబాద్రి తల ఎత్తలేదు. ఇంటికి పోయాక ఆమెను ఏమంటాడో అని నాకు గుబులు పుట్టింది. నాకెందుకు గుబులు?

జడ్జి గారు నా వైపు తిరిగి, పిల్లను అప్పుడప్పుడు బోధన్ పంపడం ఇష్టమేనా అని అడిగారు. వకీలు ఈ ప్రశ్నకు జవాబు నేర్పలేదు. అడిగి చెబుతానన్నాను. ఎవరిని అన్నారు. నవనీతను అన్నాను.

26 ఆగస్టు

అడిగాను. బోధన్‌లో ఊరంతా బెల్లం వాసన వస్తుందట, నిజమేనా అంది. బాపు లారీ ఎక్కనిస్తాడా అంది. ఆమె పేరేంది అంది. మూడో దానికి మాత్రమే నా దగ్గర జవాబుంది.

12 సెప్టెంబర్, శుక్రవారం

కస్టడీ కేసు వాపసు తీసుకున్నాడు. నవనీత నా దగ్గరే ఉంటుంది. నెలకు మూడు వందలు అతను కోర్టులో కట్టాలి. దసరా తర్వాత నుంచి ప్రతి నెలా రెండో ఆదివారం పాప బోధన్ పోతుంది. నేనే ఒప్పుకుని సంతకం పెట్టాను.

శంకరమ్మకు పిల్ల కావాలి. లింబాద్రికి ఆ మూడు వందలు మిగలాలి. రెండూ కలిపి ఒక్క కాగితంలో రాయించాడు. జూన్ నుంచి నన్ను తిప్పిన ప్రశ్నకు జవాబు ఇంతే.

బయట చాయ్ బండి దగ్గర లింబాద్రి ఎదురుపడ్డాడు. "పిల్ల ఏం క్లాసు?" అన్నాడు. నాలుగు అన్నాను. తల ఊపి పోయాడు.

12 అక్టోబర్, ఆదివారం, సాయంత్రం 6

నవనీత బస్సు దిగింది. శంకరమ్మ కొత్త రకం జడ వేసి పంపింది. నాలుగు పాయలు. నాకు మూడే వచ్చు. సగం దాకా మెల్లగా విప్పి, ఏ పాయ దేని మీదుగా పోయిందో చూశాను. మళ్లీ అల్లాను. కుదరలేదు. కదలకు అన్నాను.