ఎర్ర చెప్పు

ఒసేయ్ పొడుగూ,

మీ నాన్నకి బదిలీ అయి మీరు వెళ్లిపోయాక మన స్కూలు ఈత జట్టుకి ఇదే మొదటి పోటీ. కొలనులో ఈ చివరి నుంచి ఆ చివరికి పదహారుసార్లు ఈదే పందెంలో మళ్లీ నన్నే దింపారు. పదిహేను అవ్వగానే నువ్వు అవతలి గట్టు మీద కూర్చుని, ఇంక ఒక్కటే ఉందని నీ ఎర్ర చెప్పు నీళ్లలో ముంచి ఆడించేదానివి కదా. ఈసారి అక్కడ ఎవరూ లేరు.

నేను పద్దెనిమిది ఈదాను. సర్ విజిల్ ఊదితే తలెత్తి చూశాను. మిగతావాళ్లంతా ఎప్పుడో ఒడ్డెక్కి, తలలు తుడుచుకుంటూ పడీపడీ నవ్వుతున్నారు. ఒక్కరూ నాకు టవల్ అందించలేదు.

"పదహారు దాకా లెక్కపెట్టడం రాదా నీకు? ఇంకోసారి ఇలా చేస్తే జట్టులోంచి తీసేస్తా" అన్నారు సర్. లెక్క తప్పింది సర్ అన్నాను.

ఆ చెప్పులు నీకు ఈపాటికి బిగుతైపోయుంటాయి. ఒకటి పోస్టులో పంపవే, గట్టు మీద పెట్టుకుంటాను. నవ్వావంటే చంపుతా.

నీకొక్కదానికే చెప్తున్నా, లెక్క తప్పలేదే. పదహారూ సరిగ్గానే లెక్కపెట్టాను. చెప్పు కనిపించకుండా ఆగబుద్ధి కాలేదు.

నీ కప్ప