చిల్లు లేని ట్యూబు

ఆగస్టు ఆరు, బుధవారం
దుకాణం నుంచి

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కారాలు. అక్కకు కూడా చెప్పండి. మీ దగ్గు గురించి రెండు పేజీలు రాశారు గానీ, అక్క మోకాలు ఎలా ఉందో ఒక్క ముక్కా రాయలేదు. ఈసారి ఉత్తరం అక్క చేత రాయించండి.

ఇక్కడ రెండు రోజులుగా ముసురు. వానకి మేకులూ గాజుముక్కలూ ఎక్కడెక్కడివో కొట్టుకొచ్చి రోడ్డెక్కుతాయని, మన పంక్చర్ల పనికి అదే అదనని మీరు అనేవారు. అలాగే ఉంది. పొద్దున పాలబండి, తర్వాత స్కూలు పిల్లల సైకిళ్లు, మధ్యాహ్నం ఒక ట్రాక్టరు ముందు చక్రం చేశాను. ఇప్పుడు వాన గట్టిగా పట్టుకుంది, ఎవరూ రారు. లారీ టైరు మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే తప్పు నాది కాదు.

మీరు పిచ్చుక సంగతి అడిగారు. మనవరాలికి ఆరేళ్లు నిండాయి. మాట ఇంకా రాలేదు. సంతోషం వేస్తే ఇప్పటికీ రెండు చేతులూ రెక్కల్లా కొట్టుకుంటుంది, వీధిలో అందరికీ ఆ పేరే ఖాయమైపోయింది. డాక్టరు ఆటిజం అని చెప్పినప్పుడు మీరు, మన పెద్దమామయ్యకీ మాట ఆలస్యంగానే వచ్చింది, వచ్చాక ఆపడం మన తరం కాలేదు అని రాశారు కదా. ఆ మాట డాక్టరుకి చెప్పాను. అయితే ఆయన్నీ ఒకసారి తీసుకురండి అన్నాడు. మామయ్య పోయి చాలా ఏళ్లయిందని చెప్పేసరికి గదిలో అందరూ నన్నే చూశారు. మీ సలహాలు ఇక మీదట నాకు మాత్రమే రాయండి, డాక్టర్లకి చెప్పేవి వద్దు.

ఆయన పిల్లకి ఆక్యుపేషనల్ థెరపీ చేయించమన్నాడు. అదేమిటంటే, గుండీ పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, చప్పుళ్లకి తట్టుకోవడం, ఇలాంటి రోజువారీ పనులు ఆటల్లో పెట్టి నేర్పడమట. సరేనని నేనూ మా అమ్మాయీ పిచ్చుకని తీసుకుని, థెరపీ అని బోర్డు కనిపించిన మొదటి చోటికే వెళ్లాం. వాళ్లు పిల్లని వదిలేసి నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. అది ఒళ్లు నొప్పులవాళ్ల చోటట. నేను నోరు తెరిచేలోపు భుజానికి కరెంటు పెట్టేశారు. అబద్ధం చెప్పకూడదు, ఆ భుజం ఇప్పటికీ బాగుంది.

తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లాం. పేరు రాసుకున్నారు. మా వంతు ఎప్పుడొస్తుందని అడిగితే గుమాస్తా గోడ మీది క్యాలెండరు చివరిదాకా తిరగేసి, ఇందులో లేదండీ అన్నాడు. ఆ తర్వాత ఒక ప్రైవేటు సెంటరు. చక్కటి చోటు, నేలంతా మెత్తటి చాపలు, ఉయ్యాలలు. పిచ్చుక బయటికి రానని మొరాయించింది. కానీ అమ్మాయి లాండ్రీ జీతం, అల్లుడు లారీ మీద తెచ్చేది, నా దుకాణం కలిపి అక్కడే పెట్టేస్తే, ఇంట్లో మేం గాలి భోంచేయాలి. గాలికి మనకి కొదవ లేదనుకోండి. అమ్మాయి ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మే నెలలో ఒకమ్మాయి పాత స్కూటరు తోసుకుంటూ దుకాణం ముందుకొచ్చింది. వెనక చక్రంలో ఇంత మేకు. నేను ట్యూబు తీస్తుంటే ఆవిడ పిచ్చుకని చూసింది. మన పిల్ల మామూలుగానే లారీ టైరులో ముడుచుకుని కూర్చుంది. అందరిలాగా నీ పేరేంటమ్మా, ఏం చదువుతున్నావు అని ప్రాణం తీయలేదు. ఆ మట్టి నేల మీదే చతికిలబడి ఒక నట్టు దొర్లించింది. పిచ్చుక దాన్ని తిరిగి దొర్లించింది. పంక్చరు అయిపోయినా ఇద్దరూ లేవలేదు. మీరేం పని చేస్తారమ్మా అని అడిగితే, మేం ఊరంతా వెతికిన పనే చెప్పింది. ఇళ్లకి వెళ్లి నేర్పుతుందట.

మీరేమీ ఇవ్వక్కర్లేదు తాతగారూ, వారానికి రెండు రోజులు నేనే వస్తాను అంది. నేను ఒప్పుకోలేదు. నేనెవరికీ ఊరికే పంక్చరు వేయను, నువ్వూ ఊరికే నేర్పకు అన్నాను. చివరికి కుదిరిందేమిటంటే, మంగళ, శుక్రవారాల్లో ఆవిడ పిచ్చుకకి నేర్పుతుంది, ఆవిడ బండి మంచిచెడ్డలన్నీ నావి. మొదటిరోజే బ్రేకులు బిగించి, చక్రాల వాల్వులకి ఎర్ర ప్లాస్టిక్ మూతలు కూడా పెట్టాను. మన వీధిలో వాల్వు మూతలున్న బండి అదొక్కటే.

టీచరమ్మ చెప్పిందని పిచ్చుక దుకాణం వెనక ఇంట్లో ఉన్నంతసేపూ గాలి కొట్టే కంప్రెసరు ఆపేశాను. ఆ మోతకి పిల్ల చెవులు మూసుకుని టైరులోకి దూరిపోతుంది. ఇప్పుడంతా కాలి పంపే. లారీవాళ్లు నన్ను చూసి, ఏంటి పెద్దాయనా, వ్యాయామమా అని వెక్కిరిస్తున్నారు. నడుం మాత్రం తగ్గింది.

పిల్లలో మార్పు ఉంది. సీసా మూతలు తిప్పుతోంది. చిల్లుల చెక్కలో పుల్లలు గుచ్చుతోంది. తెరిచింది మళ్లీ మూయాలి అని టీచరమ్మ నేర్పింది కాబట్టి, అమ్మాయి కొబ్బరినూనె తలకి రాసుకునేలోపే సీసా మూసేస్తోంది. గౌనుకి పై గుండీ తనే పెట్టుకుంటోంది. రెండోదాని దగ్గర ఆగింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పని నాకు నేర్పింది మీరు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను, నవ్వకండి. జూన్ మధ్య నుంచి టీచరమ్మ వచ్చినప్పుడల్లా ఆ బండి వెనక చక్రం దిగిపోతోంది. వచ్చేటప్పుడు రాయిలా ఉంటుంది. ఆవిడ పాఠం ముగించి, అమ్మాయితో లోపల మాట్లాడి బయటికొచ్చేసరికి నేలకి అతుక్కుపోయి ఉంటుంది. ట్యూబు తీసి తొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాదు. సబ్బునీళ్లు పూసి చూశాను. రిమ్ము వేళ్లతో తడిమి చూశాను. ట్యూబు మార్చాను. వాల్వు పిన్ను మార్చాను. మూత తీసి ఉందా అంటే అదీ లేదు, నేను బిగించినదానికంటే గట్టిగా బిగిసి ఉంటుంది. చిల్లు లేని ట్యూబులోంచి గాలి ఎటు పోతుంది బావా?

ఎదురుగా ఉన్న టీ కొట్టువాడి మీద అనుమానం వచ్చింది. బండి ఆగితే వాడికి గిరాకీ. మొహం మీదే అడిగేశాను. వాడు గ్లాసు కింద పెట్టి, నీకు పంక్చరు వేయడం రాకపోతే నా మీద పడతావేంటి అని వీధంతా వినేలా అన్నాడు. అప్పటినుంచి నేను మలుపు దాటి వెళ్లి టీ తాగుతున్నాను. ఆ టీ బాగుండదు.

పరువు సంగతి పక్కన పెట్టండి. ఆవిడ విసుగొచ్చి బండిని ఇంకోడి దగ్గరికి తీసుకెళ్లిందంటే, ఒప్పందంలో నా సగం పోయినట్టే. ఊరికే నేర్పించుకోలేను, డబ్బిచ్చి నేర్పించుకోలేను. పిచ్చుక రెండో గుండీ దగ్గరే ఉండిపోతుంది. అమ్మాయి మళ్లీ మాటలు మానేస్తుంది. మీ చేతుల మీదుగా ఎన్ని వేల ట్యూబులు పోయాయో. ఇలాంటిది చూసి ఉంటే వెంటనే రాయండి. దగ్గు సంగతి తర్వాత.

మీ శిష్యుడూ, బావమరిదీ

తా.క. శుక్రవారం సాయంత్రం. వాన వల్ల పోస్టు పెట్టె దాకా వెళ్లలేదు. రాసిన కాగితం చింపడం ఇష్టం లేక పంపుతున్నాను, మీరు జవాబు రాయక్కర్లేదు.

ఇవాళ దొంగని పట్టుకోవాలని టైర్ల గుట్ట వెనక కూర్చున్నాను. టీచరమ్మ పాఠం అయిపోయింది, అమ్మాయితో మాటల్లో పడింది. పిచ్చుక బయటికొచ్చింది. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఎర్ర మూతని రెండు వేళ్లూ బొటనవేలూ పెట్టి తిప్పింది, అచ్చం నేర్పినట్టే. మూత గౌను జేబులో వేసుకుంది. చెక్కలోని పుల్ల ఒకటి తెచ్చుకున్నట్టుంది, వాల్వులో గుచ్చింది. బుస్సుమంటుంటే చెవి దాని దగ్గర పెట్టి నవ్వింది. కంప్రెసరుకి చెవులు మూసుకునే పిల్ల. గాలంతా పోయాక జేబులోంచి మూత తీసి మళ్లీ బిగించింది. తెరిచింది మూయాలి కదా.

నేను కేకేయబోయాను. కిటికీలోంచి టీచరమ్మ ఆగమని చెయ్యి చూపించింది.

ఎప్పటినుంచి తెలుసమ్మా అని అడిగితే, మొదటి వారం నుంచీ తెలుసు తాతగారూ అంది. సీసా మూత పదిసార్లు బతిమాలితే ఒకసారి తిప్పే పిల్ల, దీన్ని ఎవరూ అడక్కుండా తిప్పుతుంటే నేనెలా ఆపను అంది. మరి నాకు చెప్పొచ్చుగా అన్నాను. చెబితే మూత పీకేస్తారు, పంక్చరే లేనప్పుడు ఒప్పందమేంటని నాకివ్వాల్సిన ఫీజు లెక్క కడతారు అంది. నేను సరిగ్గా ఆ మాటే అనబోతున్నాను. చిల్లు లేకపోతే నేను చేసింది పనెలా అవుతుందమ్మా అన్నాను. ఇన్నాళ్లూ ఆ చక్రానికి గాలి నేను కొట్టానా, మీరు కొట్టారా అంది. దానికి జవాబు మీ దగ్గర ఉన్నా రాయకండి.

అయితే ఒక మాట చెప్పింది. తీసిన గాలి మళ్లీ నింపడం కూడా పిల్లే చేయాలట, కాళ్లకి బలం. కాలి పంపు నేను పట్టుకున్నాను, పిచ్చుక రెండు కాళ్లతో ఎక్కి గెంతింది. ఒక్కో గెంతుకీ రెక్కలు కొట్టుకుంది. చివర్లో కొంచెం నేనూ తొక్కాను. టీ కొట్టువాడు అటునుంచి చూస్తూనే ఉన్నాడు. వెళ్లి వాడి దగ్గరే టీ తాగాను.

మంగళవారం వస్తానని చెప్పి టీచరమ్మ ఐదున్నరకి వెళ్లింది.