ఇసుక పారకు పెట్టిన చిల్లులు

లారాష్,
ఆదివారం మధ్యాహ్నం

సాదియాకు,

అస్సలాము అలైకుమ్. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం, రోజూ కాసేపు పోట్లాడుకుంటున్నాం. స్పెయిన్ స్ట్రాబెరీ తోటల్లో నువ్వూ ఆరోగ్యంగా ఉన్నావనుకుంటాను. మన వీధి రహీమో అక్క రెండో విడత కూలీలతో మంగళవారం బయల్దేరుతోంది. ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. ఫోన్‌లో చెప్పలేకపోయాను. నీ గదిలో ఆరుగురు ఆడవాళ్ళు, ఇక్కడ ఫోన్ చుట్టూ మా అమ్మ, పిల్లలు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. ఇల్యాస్ దగ్గు పూర్తిగా తగ్గింది. వాడికి ఇప్పుడు మూడు పళ్ళు, మూడూ నా వేలు కొరకడానికే. వంటింటి కప్పు బాగుచేశాను. నువ్వున్నప్పుడు రెండేళ్ళు అడిగినా కదలనివాణ్ణి, నువ్వు వెళ్ళిన వారానికే నిచ్చెనెక్కాను. నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వు. నీ నడుముకి ఆలివ్ నూనె కాచి రాసుకోమని అమ్మ చెప్పమంది. వంగి వంగి కోసే పని అది, సాయంత్రం కాసేపు నేలమీద వెల్లకిలా పడుకో.

షామా ఫోన్ దగ్గరికి ఎందుకు రావడం లేదని అడిగావు. దానికి జవాబు చిన్నది కాదు.

మీ అమ్మ ఆనవాలుగా మిగిలిన కమ్మల జతలో ఒకటి పోయింది సాదియా. నెల క్రితం, ఎండ బాగా కాసిన ఒక ఆదివారం, పిల్లలిద్దర్నీ పడవలో నది దాటించి రాస్ రమెల్ సముద్రపొడ్డు ఇసుకకి తీసుకెళ్ళాను. అక్కడే పోయింది. ఆ రోజునుంచి షామా సరిగ్గా తినడం లేదు. బస్సెక్కేముందు వాటిని దాని చెవులకి పెడుతూ, "ఇవి నీ చెవులకున్నన్నాళ్ళు నేను నీ దగ్గరున్నట్టే" అన్నావు చూడు, ఆ మాట అది గట్టిగా పట్టుకుంది. ఒకటి పోయింది కాబట్టి అమ్మ ఇక రాదని దాని లెక్క. ఆరేళ్ళ పిల్ల, ఎంత చెప్పినా వినదు. మిగిలిన కమ్మని మా అమ్మ తీసి పెట్టెలో దాచింది. దాంతో పిల్ల ఇంకా బెదిరిపోయింది.

నేను చేతులు కట్టుకుని కూర్చోలేదు. వేసవి ముగిశాక లోహాలు పసిగట్టే డిటెక్టర్ పట్టుకుని, స్నానాలకొచ్చినవాళ్ళ ఉంగరాలు ఇసుకలో వెతికే ముఫద్దల్ బాబాయి దగ్గరికి మర్నాడే పరుగెత్తాను. ఆయన పార విరిగి మూలన పడుంది.

"నువ్వు నాకు మంచి పార చేసిపెట్టు, నేను నీ కమ్మ వెతికిపెడతా. కమ్మరోడివి కదరా, ఆ మాత్రం చెయ్యలేవా?" అన్నాడు.

మొదట మందపాటి ఇనుపరేకుతో చేశాను. ఎత్తి చూసి, "ఇది పారా, పెళ్ళికూతురి పల్లకీనా? నలుగురు బోయీల్ని కూడా పంపుతావా?" అని పక్కన పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ అవసరం నాది. రెండోది పాత సామాన్ల సంతలో దొరికిన బట్టలుతికే యంత్రం డ్రమ్ము కోసి చేశాను. తుప్పు పట్టని రేకు, ఇసుక జారిపోవడానికి చిల్లులు ముందే ఉన్నాయి. ఇనుప గొట్టం బదులు విరిగిన పడవ తెడ్డు కర్రని పిడిగా బిగించాను, ఆయన వంగక్కర్లేకుండా రొమ్ముదాకా వచ్చేట్టు. కాలితో తొక్కడానికి వెనక చిన్న రేకు అతికాను. అంచు పళ్ళుగా కొయ్యమన్నాడు, కోశాను. పళ్ళకి గవ్వలు ఇరుక్కుంటున్నాయన్నాడు, మళ్ళీ నున్నగా అరగదీశాను.

అయినా నస తీరలేదు. "తడి ఇసుక దిగడం లేదురా అయ్యాషీ. ఒక్కో పారకి పదిసార్లు ఊపాలి. నా భుజమేమైనా ప్రభుత్వం ఇచ్చిందా, అరిగితే ఇంకోటి ఇస్తారనుకోడానికి?" అన్నాడు.

అందుకని చిల్లులు పెద్దవి చేశాను. ఒక్కోదాన్నీ నా చిటికెనవేలు దూరేంత. మూడు సాయంత్రాలు పట్టింది. ఈసారి ముంచి ఎత్తగానే ఇసుకంతా జారిపోయింది. బాబాయి నా భుజం తట్టి, "ఇదీ పనంటే! మీ నాన్న కూడా ఇంత బాగా చెయ్యలేదు" అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆ పారతో వెతకడం మొదలుపెట్టిన నాలుగోరోజు నీళ్ళంచున డిటెక్టర్ గట్టిగా మోగింది. బాబాయి పార దింపి ఎత్తి, అలలోనే ఊపాడు. ఏమీ లేదు. గుంట మీద మళ్ళీ డిటెక్టర్ తిప్పాడు, మోగలేదు. "ఏ సీసా మూతో అయ్యుంటుంది, అల లాక్కుపోయింది" అని ముందుకి నడిచాడు. నేనూ ఆయన వెనకే నడిచాను.

మర్నాడు బాబాయి పారని నా కొట్లో పెట్టి టీ తాగుతుంటే షామా వచ్చింది. నానమ్మ పెట్టెలోంచి రెండో కమ్మని తీసుకొచ్చింది. ఎవరూ చెప్పలేదు. పార పక్కన కూర్చుని, ఆ కమ్మని అందులో వేసింది. అది ఆగకుండా నేల మీద పడింది. మళ్ళీ వేసింది, మళ్ళీ పడింది.

"నాన్నా, ఇందులో ఇది ఉండట్లేదేంటి?" అని అడిగింది.

బాబాయి టీ గ్లాసు కింద పెట్టేశాడు. చిల్లు చూశాడు, కమ్మ చూశాడు, నన్ను చూశాడు. "ఒరేయ్, ముందు దీన్ని తెచ్చి కొలవలేదా నువ్వు?" అన్నాడు.

కొలవలేదు సాదియా. చిల్లు పెట్టేముందు జత కమ్మతో సరిచూసుకోవాలని ఏ కమ్మరికైనా తెలుసు. పెట్టె తియ్యమని అమ్మని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో ఇక రాయక తప్పదు.

కమ్మని షామా పోగొట్టలేదు. ఆ రోజు ఇసుకలో అది నిద్రపోతుంటే, ఒక చెవి కమ్మకి సీల వదులుగా కనిపించింది. కొట్లో బిగిద్దామని నేనే మెల్లగా తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. అంతలో ఇల్యాస్ నీళ్ళవైపు పాకుతుంటే పరుగెత్తి వంగి ఎత్తుకున్నాను. అప్పుడే జారిపడి ఉంటుంది. షామా లేచి చెవి తడుముకుని ఏడుపు మొదలుపెట్టింది. నేను జేబు తడుముకున్నాను, ఖాళీ. నీ ముఖం కళ్ళముందు కనపడింది. నా నోటినుంచి వచ్చిన మాటేంటో తెలుసా? "ఎక్కడ పారేశావే?" అన్నాను. నిద్రపోయిన పిల్లని!

అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాను. కమ్మ దొరికితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదనుకున్నాను. దొరికిందాన్ని కూడా నా చిల్లులతో నేనే వదిలేశానేమో. పారకి లోపల సన్నని వల అతికి వారం రోజులు ఆ చోటంతా తోడాం. రెండు సీసా మూతలు, ఒక తాళంచెవి దొరికాయి. ఇసుక చోటు మారిపోయింది, ఇక దొరకదని బాబాయి అన్నాడు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

నిన్న సాయంత్రం షామాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. అరుస్తుందనుకున్నాను. నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"అమ్మకి చెప్పకు నాన్నా. నేనే పారేశానని శుక్రవారం ఫోన్‌లో చెప్తా" అంది.

"ఎందుకే?" అన్నాను.

"నా మీద కోపమొస్తే నన్ను కొట్టడానికైనా ఇంటికొస్తుంది. నీ మీద కోపమొస్తే అస్సలు రాదు."

దాన్ని పట్టుకుని ఏడ్చాను. వద్దని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపిందే కానీ ఒప్పుకోలేదు. ఇది నీ పోలికే.

శుక్రవారం ఫోన్ చేసినప్పుడు షామా వచ్చి మాట్లాడుతుంది. తానే పారేశానంటుంది. నమ్మకు. కానీ అబద్ధమాడావని దాన్ని అనకు. నన్ను ఏమనాలో తర్వాత అను, నేను వింటాను. ముందు దానికి మాత్రం, కమ్మ ఉన్నా లేకపోయినా వస్తానని చెప్పు.

ఇట్లు,
షామా నాన్న,
అయ్యాషి