పెరుగు గిన్నెలో చేపనూనె

అక్కకు తమ్ముడి నమస్కారాలు. నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం లేచి తిరుగుతూనే ఉన్నాం. అంతకు మించి బాగున్నామని రాయలేను.

కిందటి ఉత్తరంలో అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీ మరదలికి ఆరో నెల నడుస్తోంది. నేను అవిసె గింజలు దోరగా వేయించి, పొడి కొట్టి, పెరుగులో కలిపి ఇస్తున్నాను. నానబెట్టిన ఆక్రోట్లు పొద్దున్నే నాలుగు. అయినా డాక్టరమ్మకు తృప్తి లేదు.

"గింజల్లోని ఒమేగా కొవ్వు ఒంటికి పట్టేది కొంచెమే. వారానికి రెండుసార్లు చేప తినాలి, లేదా చేపనూనె క్యాప్సూళ్లు వేసుకోవాలి. నెలలు నిండేదాకా బిడ్డ ఆగడానికి కొంత సాయం చేయొచ్చు" అంది. ఏడో నెలలో పుట్టి మూడో రోజుకే పోయిన మన పాప కాగితాలు ఆవిడ ముందే ఉన్నాయి. ఆ 'కొంత' పట్టుకుని వేలాడుతున్నానక్కా.

తన అన్న పడవతో సహా సముద్రంలో పోయినప్పటి నుంచి నీ మరదలు చేప ముట్టదు, నీకు తెలిసిందే. "ఏ చేప ఏం తిందో" అని ఒక్కసారే అంది. మళ్లీ నేను ఆ మాట ఎత్తలేదు.

ఇంతవరకు నీ దగ్గర దాచింది రాస్తున్నాను. పదిహేను రోజులు ఆ క్యాప్సూళ్లు సూదితో పొడిచి, నూనె పెరుగులో కలిపాను. మొన్న ఆదివారం గిన్నె తన ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇందులో ఏం కలిపారు?"

అబద్ధమాడలేకపోయాను.

తను అరవలేదు. గిన్నె సింకులో బోర్లించింది. "అడిగి ఉంటే ఏడ్చుకుంటూనైనా మింగేదాన్ని. బిడ్డ నాకూ కావాలిగా" అంది.

అప్పటి నుంచి నా చేతి మంచినీళ్లు కూడా తాగడం లేదు. తనకు తానే ఏదో ఉడకేసుకుని రెండు ముద్దలు తింటోంది. రెండు కిలోలు తగ్గింది. ఏడో నెలకు తొమ్మిది రోజులే ఉన్నాయి.

నిన్న డాక్టరమ్మ దగ్గర అంతా ఒప్పుకున్నాను. ఆ కొవ్వు చేపకు సముద్రపు నాచు నుంచే వస్తుందట, నాచుతో చేసిన క్యాప్సూళ్లు వేరే ఉన్నాయట. "ముందే అడగొద్దా?" అని మందలించింది. ఇక్కడ ఏ షాపులోనూ దొరకలేదు. మీ ఊళ్లో కొని పంపు. సీలు ఊడనివ్వకు, లోపల ఏముందో తనే చదివి చూసుకోవాలి. నా తరఫున ఒక్క ముక్క కూడా రాయకు. పార్సెలు మీద తన పేరే రాయి. నా చేతుల మీదుగా వస్తే తను తెరవదు.

ఇట్లు,
నీ తమ్ముడు