వెనక ముడి

ప్రియమైన చెల్లీ,

ఫోన్‌లో నీ మాట నాకు సరిగా వినపడదు కాబట్టి రాస్తున్నాను. జ్వరం దిగింది, ఊపిరితిత్తుల్లో నెమ్ము తగ్గుతోందట. ఆసుపత్రిలో ఇది ఆరో రోజు. ఇక్కడ ఆడా మగా ఒకే వార్డు, మధ్యలో పేరుకి తెరలు. ఎదురు మంచం పెద్దాయన కరెంటు లైన్‌మాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనా నేనూ పోటీపడి పైకప్పు చూస్తుంటాం.

రోజూ పదింటికి నర్సు వచ్చి, "లేచి నాలుగడుగులు వేయండి పెద్దమ్మా" అంటుంది. రేపు చూద్దాంలే అంటాను. ఇవాళ నా కాగితాల్లో 'సహకరించడం లేదు' అని రాసుకుంది. యాభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాళ్ళు కాస్త విశ్రాంతి అడిగితే తప్పా? మరిదిగారిని అడిగానని చెప్పు.

ఇట్లు, నీ అక్క

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. ముప్పై నాలుగేళ్ళు వార్డుల్లో నర్సుగా తిరిగినదాన్ని, నాకే కబుర్లు చెబుతావా? మన వయసులో పది రోజులు మంచం పట్టుకుంటే కాళ్ళలో కండ కరిగిపోతుంది. నడిచి వచ్చినవాళ్ళు చక్రాల కుర్చీలో ఇంటికెళ్ళడం కళ్ళారా చూశాను.

నిన్న మీ వార్డుకి ఫోన్ చేశాను. "మీ అక్కగారు దిగులుగా ఉంటున్నారు, మతి తప్పుతోందేమో చూడాలి" అన్నారు. నీకు మతి తప్పడమేమిటి? నొప్పా, భయమా? ఏదైనా సరే దాచకుండా రాయి.

కంగారుపడుతూ, నీ చెల్లి

ప్రియమైన చెల్లీ,

సిగ్గేసి నాలుగు రోజులు జవాబు రాయలేదు. ఇక్కడి గౌను వెనకవైపు తెరిచి ఉంటుంది. మెడ దగ్గరొక నాడా, నడుం దగ్గరొక నాడా. పట్టేసిన నా భుజం వెనక్కి తిరగదు. ఎవరైనా కట్టినా మధ్యలో జానెడు ఖాళీ. లేచి నిలబడితే లైన్‌మాన్ గారికీ, చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ నా వీపు ప్రదర్శన. పదిమందికీ ఒంటినిండా బట్ట కుట్టినదాన్ని, అలా ఎలా నడవను?

నిన్న చిన్న డాక్టరమ్మ స్టూలు లాక్కుని నా చెవి దగ్గరగా కూర్చుంది. "పెద్దమ్మా, మీకేం మందులివ్వాలో మాకు తెలుసు. మీకేం కావాలో మాత్రం తెలీదు. చెప్పండి" అంది. ఇన్నాళ్ళకి అడిగిన మొదటి మనిషి. "సూది, దారం, కత్తెర, నాలుగు టిచ్ బటన్లు, ఒక పాత దుప్పటి" అన్నాను. బిత్తరపోయింది గానీ తెప్పించింది.

మంచం మీదే కూర్చుని ఇంకో గౌను కుట్లు విప్పి, దుప్పటి గుడ్డ కలిపి మళ్ళీ కుట్టాను. ముందువైపు ఒకదాని మీదొకటి కప్పుకుని పక్కన ఒకే ముడి. సెలైన్ చేతికి అడ్డం రాకుండా భుజం మీద టిచ్ బటన్లు. అది తొడుక్కుని కిటికీ దాకా రెండుసార్లు వెళ్ళొచ్చాను. కాళ్ళు వణికాయి, పడలేదు.

లైన్‌మాన్ గారు తలకూడా తిప్పకుండా, "అక్కగారూ, నాకూ ఒకటి కుట్టిపెడతారా?" అన్నాడు. అంత ఎత్తు స్తంభాలెక్కిన మనిషి కూడా మంచం దిగనిది అందుకేనట.

నీ అక్క

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదవగానే నాకొక మనిషి గుర్తొచ్చింది. మా వార్డులో ఒక టీచరమ్మ ఉండేది. లేపబోతే దుప్పటి రెండు చేతులా పట్టుకుని వదిలేది కాదు. చలేస్తోందేమో అనుకుని ఇంకో దుప్పటి కప్పి, 'మొండి మనిషి' అని రాశాను. ఆమె మళ్ళీ నడవలేదు. అలా ఎంతమంది గురించి రాశానో.

ఇంకో సంగతి. రెండేళ్ళుగా నా మోకాలి ఆపరేషన్ వాయిదా వేస్తున్నాను. మీ మరిదికి రోజుకో సాకు చెప్పాను. ఆ గౌనులో ఆ మంచమెక్కడం నాకూ ఇష్టం లేదు. ఈ మాట ఇప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు.

నీ చెల్లి

ప్రియమైన చెల్లీ,

ఇంటికొచ్చి నెలైంది, నడిచే వచ్చాను. టీచరమ్మని తలుచుకుని కుమిలిపోకు. నీకెవరూ నేర్పలేదు, ఆమె నోరు విప్పలేదు.

వారానికి రెండు రోజులు ఆసుపత్రి కుట్టుగదికి వెళ్తున్నాను. అక్కడి దర్జీలిద్దరికీ నమూనా నేర్పాను. నలభై గౌన్లయ్యాయి. వార్డులో పన్నెండు మంది పెద్దవాళ్ళుంటే తొమ్మిది మంది నడుస్తున్నారని డాక్టరమ్మ లెక్క చెప్పింది. నా కాగితాల్లో రాసిన నర్సే ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళని ముందు, "మీకేం ఇబ్బందిగా ఉంది?" అని అడుగుతోంది. ఒకాయన కళ్ళజోడన్నాడట, ఒకావిడ మంచం ఎత్తు తగ్గించమందట.

ఆపరేషన్‌కి తేదీ తీసుకో. ముందురోజే నేనక్కడుంటాను. కొలతలు పంపు, సరైనవి పంపు. నడుం కొలత దగ్గర నువ్వెప్పుడూ ఊపిరి బిగబడతావు.

నీ అక్క