ముందు ఎడమ చక్రం నట్లు

బావా, పాపకేం కాలేదు, ముందు అది తెలుసుకో. కారు వీధి మలుపులో మందుల షాపు ముందు ఉంది. తాళం ఫ్రిజ్ మీద పెట్టాను. కారును ఒక్క అడుగు కూడా నడపకు. పానా తీసుకెళ్లి ముందు ఎడమ చక్రం నట్లు నాలుగూ బిగించు, తర్వాత మిగతా మూడు చక్రాలూ చూడు. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు, పనిలో మిషన్ మీద ఉన్నట్టున్నావు.

పాపను డాక్టరుకి చూపిద్దామని బయల్దేరాను. ఇల్లు దాటగానే టకటకమని చప్పుడు మొదలైంది. కోన్ల మధ్య కారు తిప్పే పోటీ కోసం వెనక టైర్లలో గాలి గట్టిగా కొట్టాననీ, బండి కాస్త మోటుగా ఉంటుందనీ నిన్న చెప్పావు కదా, ఇదీ దాని తాలూకే అనుకున్నాను. స్టీరింగు వణికేసరికి భయమేసి ఆపి దిగాను. నట్లు నా వేళ్లకే తిరిగాయి బావా. బండిని లాగేవి ముందు చక్రాలేనని నువ్వే కదా చెప్పావు. ఇంకో వంద గజాలు పోతే పెద్ద రోడ్డు. ఆ తర్వాత ఏమయ్యేదో రాయలేను.

నిన్న సాయంత్రం నువ్వు పోటీ టైర్లు ఎక్కిస్తుంటే, పాప ఏడుపు ఆపడం లేదు రమ్మని కేకేసింది నేనే. పానా అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చావు. అందుకే నిన్ను తిట్టడానికి నోరు రావడం లేదు. ఇకమీదట నట్లు బిగించేటప్పుడు నేను ఎంత అరిచినా రాకు. ఆదివారం పోటీకి వెళ్లు, వద్దనను. పాపా నేనూ ఇప్పుడు డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్తున్నాం.

పాప సీటు కారులోనే ఉండిపోయింది. పాపను దించాక దాన్ని తీద్దామంటే ఆ తలుపు మళ్లీ తెరవడానికి నాకు చేతులు రాలేదు. నువ్వే తీసుకురా.