తడిపీ తడపనట్టు

జూన్ 3, ఉదయం

ఇవాళ్టి మాట moisten. పిల్లల డిక్షనరీ కోసం అర్థం రాసి, మూడు ఉదాహరణలివ్వాలి. అర్థం సులువే: కాస్త తడి తగిలించడం. నీళ్ళు కారకూడదు, పొడిగానూ మిగలకూడదు.

నా భార్య ఇస్త్రీకి ముందు చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తుంది. నా భార్య జ్వరంలో నా పెదాలకు తడిగుడ్డ అద్దుతుంది. నా భార్య కవరు అంచు నాలుకతో తడిపి అతికిస్తుంది.

పంపేశాను.

జూన్ 4

ఎడిటర్ ఫోన్ చేసింది. నా వయసులో సగం ఉంటుందేమో. వాక్యాలు బాగున్నాయి సర్, కానీ A అక్షరం నుంచీ ఇప్పటిదాకా అన్ని మాటల్లోనూ ‘నా భార్య’ అనే ఉంది, వేరే మనుషుల్ని పెట్టండి అంది. సరేనన్నాను. ఆవిడ పోయి ఏడాది దాటిందని ఆ పిల్లకు తెలియదు. చెబితే జాలిపడి వదిలేస్తుంది. అదీ నాకిష్టం లేదు.

జూన్ 5

వేరే మనుషులెవరు? పాల ప్యాకెట్లు గుమ్మానికి తగిలించిన సంచిలో వచ్చి పడతాయి. కరెంటు బిల్లు ఫోన్లోనే కట్టేస్తాను. నిన్న ఎడిటర్‌తో తప్ప ఈ వారం ఎవరితోనూ నోరు విప్పలేదు. ఒంటరిగా ఉంది. రాసుకోవడానికి సిగ్గేమిటి, చదివేదెవరు కనక.

జూన్ 6, సాయంత్రం

కింద వాటాలో టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిరిగిన బట్టేదీ దొరక్క, బాగున్న చొక్కాకే బొత్తం పీకి పట్టుకెళ్ళాను.

ఆమె కుడుతుంటే అడిగాను, మీ పనిలో దేన్నైనా తడిపీ తడపనట్టు తడుపుతారా అని. నన్ను ఎగాదిగా చూసింది. ఆ తర్వాత ఆపితే ఒట్టు. సూదిలోకి ఎక్కించే ముందు దారం కొస పెదాల మధ్య పెట్టి తీస్తుందట. సుద్ద గీత పోకపోతే తడివేలితో రుద్దుతుందట. ముడత మొండికేస్తే గుడ్డ తడిపి, పిండి, దాని మీద పరిచి ఇస్త్రీ చేస్తుందట. ఆ చివరిది వదినగారు నేర్పిందే అన్నయ్యగారూ, అంది.

బొత్తం గట్టిగా ఉందో లేదో లాగి చూశాను.

జూన్ 7

పంపాను. మూడింట్లోనూ టైలరే.

జూన్ 8

ఓకే అయింది. తర్వాతి మాట మోలిక్యూల్. దాన్ని పట్టుకుని టైలరమ్మ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

జూన్ 10, సాయంత్రం

తలుపు చప్పుడైంది. టైలరమ్మ. ఇంకోటి గుర్తొచ్చింది అన్నయ్యగారూ, కుండీలో విత్తనం వేశాక చేత్తో నీళ్ళు చిలకరించి పైన మట్టిని తడుపుతాం కదా, పనికొస్తుందా అంది.

ఆ మాట మొన్ననే ఓకే అయిపోయిందని చెప్పలేదు. కుర్చీ లాగాను. మెల్లగా చెప్పమ్మా, రాసుకుంటాను అన్నాను.